వెనక్కి తిరగని పిల్ల

ఆ సముద్రం దగ్గర చేపల వాసన లేదు. బస్సు దిగగానే నాకు ముందు తెలిసింది అదే. నీళ్ళున్నాయి, చిన్న చిన్న అలలున్నాయి, ఒడ్డంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అయినా అది నాకు సముద్రంలా అనిపించలేదు. నేను పుట్టింది సముద్రం ఒడ్డున. సముద్రమన్నది ముందు ముక్కుకి తెలియాలి, తరవాతే కంటికి. ఇందులో చేప బతకదట, నాచు కూడా బతకదట. మృత సముద్రం అని ఊరికే పేరు పెట్టలేదు.

"ఏటలా నిలబడిపోనావు? దిగు. ములిగిపోవట, తేలతావట," అంది నా స్నేహితురాలు.

ఆవిడది గరివిడి. ఇద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులుగా చేశాం, ఒకే ఏడాది రిటైరయ్యాం. వాళ్ళ చర్చి వాళ్ళంతా బైబిలు దేశాలు చూడ్డానికి బయల్దేరుతుంటే ఒక సీటు మిగిలిందని నన్ను లాక్కొచ్చింది. "నేనెందుకే, నాకు మీ ప్రార్థనలు రావు," అంటే, "నువ్వు పార్దన సెయ్యక్కర్నేదు, కిటికీకాడ కూకో, సాలు," అంది. అలా కిటికీ దగ్గర కూర్చునే ఆ దేశమంతా చూశాను. ఎడారి అంటే ఇసుకే అనుకుని వెళ్ళాను, కానీ ఎక్కువగా రాళ్ళే. గోధుమరంగు కొండలు, నీళ్ళు లేని వాగులు, మేకలు, మేకల వెనక తలకి గుడ్డ చుట్టుకున్న మనుషులు. బస్సు ఆగిన చోటల్లా గైడు ఏదో ఒకటి చెప్పేవాడు. ఇక్కడ ఫలానా ఆయన నిలబడ్డాడు, ఇక్కడ ఫలానా ఆవిడ నీళ్ళు తోడింది అని. మా వాళ్ళు మోకాళ్ళ మీద పడి ఏడ్చేవారు. నేను మేకల్ని చూసేదాన్ని.

ఒకే ఒక్కచోట నిజమైన ఇసుక కనిపించింది. ఎర్రటి ఇసుక, పాదం పెడితే చీలమండ దాకా దిగిపోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. కొంతదూరం వెళ్ళాక నా పక్కన ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపించి ఉలిక్కిపడ్డాను. నా స్నేహితురాలే. అంతసేపూ నా వెనకే వస్తోందట. నాకు తెలియలేదు. ఇసుకలో అడుగుల చప్పుడు ఉండదు. ఆ మాట నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు మనసు ఎందుకో పాడైపోయింది.

సముద్రంలో తేలడం అయ్యాక, నైటీల మీద తువ్వాళ్ళు కప్పుకున్న మా ముసలాళ్ళందరినీ గైడు మళ్ళీ బస్సెక్కించాడు. ఒడ్డు వెంబడే కొంతదూరం పోయి ఒక కొండ కింద ఆపాడు. పైన, కొండకి కాస్త విడిగా, ఒక నిలువురాయి ఉంది. పైభాగం కొంచెం పక్కకి తిరిగినట్టుంది.

"లోతు భార్య," అన్నాడు గైడు. పాపం చేసిన ఊళ్ళని దేవుడు తగలబెట్టేస్తూ, లోతు అనే ఆయన కుటుంబాన్ని ఒక్కదాన్నీ పారిపొమ్మన్నాడట. వెనక్కి చూడొద్దన్నాడట. ఆవిడ చూసింది, ఉప్పు స్తంభమైపోయింది. ఈ కథ చెప్పి, ఇలాంటి రాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయని, అన్నిటికీ ఇదే కథ చెబుతారని నవ్వాడు. అందరూ ఫోన్లు తీశారు.

నేను తీయలేదు. ఆవిడ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎక్కాలు రాకముందే తెలుసు. ఆవిడ తరఫున మా నాన్నమ్మ పోట్లాడింది. ఆ నాన్నమ్మే నేను చదువుకి ఊరు విడిచిన రోజు నన్ను పంపడానికి రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్నతో నేను నా మొదటి హాస్టలు రోజులన్నీ గడిపాను.

మాది సిక్కోలు వైపు ఒక రేవు ఊరు. ఊరు అంటే ఇసుక దిబ్బల మీద తాటాకు ఇళ్ళు. దిబ్బల అంచున మొగలి పొదలు, వాటి వెనక జీడితోటలు. గాలి అటు తిరిగితే మొగలిపూల వాసన, ఇటు తిరిగితే ఎండుచేపల వాసన. ఎండాకాలం జీడిపిక్కలు కాలిస్తే ఆ నూనె పొగకి కళ్ళు మండేవి, నోట్లో నీళ్ళూరేవి. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, అందులోకి నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప ముక్క. ఇప్పుడా ఊరు లేదు. సగం సముద్రం తీసుకుంది. మిగిలిన సగంలో ఉన్నవాళ్ళు రోడ్డు పక్కన స్లాబు ఇళ్ళకి వచ్చేశారు. మా ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఆటుపోటు ఆడుతుంది.

మా ఊరికి వారానికోసారి ఒకావిడ వచ్చేది. బైబిలమ్మ అనేవాళ్ళం. తెల్లటి పొందూరు ఖద్దరు చీర, నల్ల గొడుగు, చంకలో బొమ్మల చుట్ట. వలలు ఆరేసే గెడకి ఆ బొమ్మలు వేలాడదీసి కథలు చెప్పేది. మా పెద్దవాళ్ళకి ఆవిడ దేవుడితో పని లేదు గానీ, ఆవిడ తెచ్చే గజ్జి మందుతో పనుండేది. అందుకని ఎవరూ వద్దనేవారు కాదు. పిల్లలం బొమ్మల ముందు కూర్చునేవాళ్ళం. ఆ బొమ్మల్లో ఎడారి ఉండేది. అది మా దిబ్బే అనుకున్నాను చాలాకాలం. ఒంటెలొక్కటే తక్కువ.

ఒకసారి సముద్రం రెండుగా చీలిన కథ చెప్పింది. చీలిన సముద్రం మధ్యనుంచి జనమంతా నడిచి అవతలి ఒడ్డుకి పోయారంది. పక్కనే కూర్చుని వల అల్లుతున్న మా పెదతాత అల్లడం ఆపేశాడు.

"సీలిపోనాది, సరే. మరి సేపలేటయ్యాయి?"

"చేపల గురించి రాయలేదు తాతా."

"రాయనేదా! అంతమంది నడిసెల్తన్నారు. ఒక్కడైనా వొంగి ఏరుకోనేదా?"

బైబిలమ్మకి నవ్వొచ్చింది. మా పెదతాతకి రాలేదు. ఆ తరవాత చాలా రోజులు తెప్పల దగ్గర మగవాళ్ళ మధ్య అదే గొడవ. ఆ సముద్రంలో వంజరాలుంటాయా ఉండవా, నీళ్ళు గోడలా నిలబడితే చేప అందులోంచి బయటికి దూకుతుందా దూకదా అని. పొద్దున్న వేటకి వెళ్ళేవాడు కూడా, "ఏటి, మనకెప్పుడు సీల్తాది?" అని సముద్రాన్ని అడిగి తెప్ప దించేవాడు.

లోతు భార్య కథ చెప్పిన రోజు మా నాన్నమ్మ కాస్త దూరంగా కూర్చుని చేపలకి ఉప్పు పట్టిస్తోంది. వింటున్నట్టు ఎప్పుడూ కనబడనిచ్చేది కాదు. ఆ రోజు మాత్రం ఉప్పు చేతులు ఆగిపోయాయి.

"ఎవుల్ని సూద్దారని తిరిగిందట?" అంది.

"ఎవరినీ కాదమ్మా. దేవుడి మాట వినలేదు, అంతే."

"ఆడది ఉత్తినే తిరగదమ్మా. పొయ్యి మీద ఏటైనా ఒగ్గీసిందేటి? పిల్లలెవులైనా ఎనకుండిపోనారేటి? ఉప్పైపోనాదని సెప్తన్నావు గానీ, ఎవుల కోసం సూసిందో అడిగేరా ఎవులైనా?"

"అది రాయలేదమ్మా."

"మీ పుస్తకంలో సేపలూ నేవు, ఆడదాని మాటా నేదు," అని మళ్ళీ చేపల మీద పడింది. ఆ రోజు చేపలకి ఉప్పు ఎక్కువైందని అమ్మ గొణిగింది కూడా.

నాన్నమ్మకి అంత కోపం ఎందుకొచ్చిందో నాకు అప్పుడు తెలియదు. అమ్మ తరవాత చెప్పింది. తాతయ్య చివరిసారి వేటకి వెళ్ళిన రోజు, చుట్టల సంచీ గూట్లోనే మరిచిపోయాడట. అప్పటికే తెప్ప దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. నాన్నమ్మ వెనకనుంచి కేకేసిందట. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, వచ్చి సంచీ తీసుకుని వెళ్ళాడు. ఆ తెప్ప మళ్ళీ రాలేదు. మా వాళ్ళలో బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవరు. బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరగరు. ఆమె పిలిచింది, ఆయన తిరిగాడు. మిగిలిన జీవితమంతా ఆమెకి అదే లెక్క. అప్పటినుంచి నాన్నమ్మ ఎవరినీ వెనకనుంచి పిలవలేదు. పిల్లలం బురదలోకి పరిగెడుతున్నా సరే, పిలిచేది కాదు. పరిగెత్తుకొచ్చి మా ముందు నిలబడి చెంప పగలగొట్టేది.

అదీ మామూలు రోజుల్లోనే. ఎవరైనా పనిమీద ఊరికి బయల్దేరుతుంటే ముందుకీ వచ్చేది కాదు. బొట్టు లేనిదాన్ని, నేనెదురైతే పని చెడుతుందనేది. తెప్పలు దించే వేళకి దొడ్లోకి వెళ్ళిపోయి చేపలు తిరగేసుకుంటూ కూర్చునేది. ఎవరూ ఆమెను వెళ్ళమనక్కర్లేకపోయింది. తనే వెళ్ళిపోయేది. ఆ తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం ఇసుక ఎంత మామూలో అదీ అంతే మామూలు.

పిల్లలం ఆ ఉప్పు స్తంభాన్ని ఆట చేసేశాం. ఒకరు దిబ్బ మీదనుంచి కిందికి నడవాలి. వెనకనుంచి మిగిలినవాళ్ళు "అదిగో పాము", "అదిగో మీయమ్మ", "అదిగో జీడికాయ" అని అరవాలి. తిరిగితే ఉప్పైపోయినట్టే. ఆట అయ్యేదాకా కదలకుండా నిలబడాలి, మిగిలినవాళ్ళొచ్చి చెయ్యి నాకి, "ఉప్పగుందిరా," అనాలి. నేను ప్రతిసారీ తిరిగేదాన్ని. పాము అన్నా తిరిగేదాన్ని, జీడికాయ అన్నా తిరిగేదాన్ని. "ఇదొట్టి ఉప్పుబొమ్మరా," అని నవ్వేవారు. నా చేతులు నిజంగానే ఉప్పగా ఉండేవి. ఆ గాలిలో ఎవరి చేతులు ఉప్పగా ఉండవు?

విజయనగరంలో ఆడపిల్లల హాస్టల్లో నాకు సీటు కుదిర్చింది ఆ బైబిలమ్మే. అమ్మ ఒప్పుకుంది. నాన్న ఊగిసలాడాడు, చివరికి ఒప్పుకున్నాడు. నేను వెళ్ళే ముందు రెండు రోజులు నాన్నమ్మ నాతో మాట్లాడలేదు. పక్కన పడుకుంటే అటు తిరిగి పడుకుంది. "నాన్నమ్మా, నానెల్తన్నాను," అంటే, "ఎల్తే ఎల్లు," అంది.

బయల్దేరే పొద్దున ఇంట్లో హడావిడి. మావ, అంటే అమ్మ తమ్ముడు, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, "బేగి రాయే, బస్సెల్లిపోతాది," అని గోల. రోడ్డు దాకా దిబ్బలు దాటి నడవాలి, అక్కడ బస్సెక్కాలి, ఆమదాలవలసలో రైలెక్కాలి. తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నేను ఇల్లంతా చూశాను. నాన్నమ్మ లేదు.

"నాన్నమ్మేదే?"

"దొడ్లో ఉన్నాదిలే. సేపలు తిరగేస్తన్నాది. నువ్వెల్లు. ఎనక్కి సూడకేం."

ఎవరు ప్రయాణమైనా నాన్నమ్మ దొడ్లోనే ఉంటుందని నాకు తెలుసు. అయినా నేను అందరిలాంటిదాన్నా? నా కోసం కూడా రాదా? అంత కోపమా నా మీద? నాకూ కోపం వచ్చింది. ఆ కోపంలోనే నిర్ణయించుకున్నాను. ఇవాళ తిరగను. పాము అన్నా తిరగను. ఉప్పుబొమ్మ అని నన్ను ఎవరూ అనకుండా రోడ్డెక్కుతాను.

తిరగలేదు. మొదటి దిబ్బ ఎక్కి దిగాను, జీడితోట దాటాను. నా ముందు రేకు పెట్టె ఊగుతూ పోతోంది. ఎవరో చూస్తున్నట్టు మెడ వెనక జిలజిలమంది. చూస్తే ఉప్పైపోతానని పళ్ళు బిగించాను. రోడ్డు మీద బస్సు నిలబడే ఉంది. మావ నన్ను లోపలికి తోశాడు. సముద్రం వైపు సీటు దొరికింది గానీ నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

హాస్టల్లో నాకు అన్నిటికన్నా కష్టమైంది వాసనలు లేకపోవడం. అన్నం, చప్పటి పప్పు, ఫినాయిలు. మిగిలిన పిల్లలు అమ్మ కోసం ఏడిస్తే నేను నాన్నమ్మ మీద కోపంతో ఏడ్చేదాన్ని. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళగానే ఆమె కొంగు పట్టుకుని అడగాలనుకున్నాను, ఎందుకు రాలేదని. ఎలా అడగాలో, ఏ మాట ముందు అనాలో రోజూ పడుకునేటప్పుడు కూర్చుకునేదాన్ని.

దసరాకి వెళ్ళేసరికి నాన్నమ్మ లేదు. వానల్లో జ్వరమొచ్చి పోయిందట. నాకు కబురు పెడదామని అమ్మ అంటే ఆమే వద్దందట. "ఎల్లిన పిల్లని ఎనక్కి పిలవకండి," అందట.

నేను ఏడవలేదు. గుమ్మంలో నిలబడి, రైల్లో కూడా కూర్చుకున్న ఆ మాటే అమ్మని అడిగాను. "ఆ రోజు నన్ను పంపడానికి ఎందుకు రానేదే?"

అమ్మ నా వైపు అదోలా చూసింది. "రాకపోడమేటే? నీ ఎనకాలే వొచ్చింది కదే."

గోడకి కొట్టిన మేకుకి ఒక పాలపొడి డబ్బా వేలాడుతోంది. అమ్మ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే ఎండునెత్తళ్ళ కారం. వేయించిన నెత్తళ్ళు, ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు. నాతో మాట్లాడని ఆ రెండు రోజులూ నాన్నమ్మ దంచింది అదట. వెళ్ళేటప్పుడు నా కంటబడుతుందని గుమ్మం పక్క గట్టు మీద పెట్టిందట. హడావిడిలో నేనూ చూడలేదు, అమ్మా చూడలేదు.

"నువ్వెల్లినాక దొడ్లోంచొచ్చి సూసింది. ఓలమ్మా, గుంట మర్సిపోనాది అని డబ్బా పట్టుకుని పరిగెట్టింది. మొదటి దిబ్బకాడే అందుకున్నాదట నిన్ను."

"మరి పిలవనేదేటి?"

"అది పిలుస్తాదేటే? మీ తాతని పిలిసిన నోటితో నిన్ను పిలుస్తాదేటి?"

"ముందుకొచ్చి ఇవ్వొచ్చు కదా!"

"సదువుకెల్తన్న పిల్లకి ఎదురొస్తాదా అది? సచ్చినా రాదు. నువ్వే తిరుగుతావని నడిసిందట. ఒక్కపాలి నువ్వు తిరిగితే డబ్బా సూపిద్దారని. రోడ్డు దాకా నడిసిందట. నువ్వు బస్సెక్కీసినావు."

నా మెడ వెనక జిలజిల గుర్తొచ్చింది. ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఈ ఇన్నేళ్ళలో. అంత దగ్గరగా నడిచి ఉంటుంది, చెయ్యి చాస్తే జడ అందేంత. ఇసుకలో అడుగుల చప్పుడు ఉండదు. ఆయాసం వినిపించేదేమో, సముద్రం హోరు లేకపోతే.

"ఇంటికొచ్చి ఏడుస్తాదేమో అనుకున్నాను," అంది అమ్మ. "ఏడవనేదు. ఊరంతా తిరిగి సెప్పుకున్నాది. నా మనవరాలు గట్టి పిల్ల, ఒక్కపాలైనా ఎనక్కి తిరగనేదు, దాని సదువింక ఆగదు అని. డబ్బా పిల్లొచ్చినాక ఇస్తానని మేక్కి తగిలించింది."

ఆ కారం అప్పటికి కాస్త ముక్కిపోయింది. అయినా హాస్టలుకి తీసుకెళ్ళి చప్పటి పప్పులో కలుపుకుని చివరి పలుకు దాకా తిన్నాను. పక్క పిల్లలు వాసనకి ముక్కు మూసుకునేవారు. ఎవరికీ పెట్టలేదు. చదువు ఆగలేదు, నాన్నమ్మ మాట నిజమే. నర్సునయ్యాను. చనిపోయేవాళ్ళ పక్కన నిలబడ్డాను, ఎంతోమంది నాన్నమ్మల చేతులు పట్టుకున్నాను. మా నాన్నమ్మ ఆ రోజు నేను తిరగాలని కోరుకుందో, తిరగకూడదని కోరుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కోరుకుని ఉంటుంది. అదే నన్ను తినేస్తుంది.

ఆ కొండ కింద అందరూ ఫొటోలు తీసుకోవడం అయ్యాక నేను గైడు దగ్గరికి వెళ్ళాను. నా ఆసుపత్రి ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ ఎవరిని చూద్దామని తిరిగింది బాబూ అని.

అతను కాస్త ఆశ్చర్యపోయాడు. ఎంతోమందిని తిప్పాడట, ఎవరూ అడగలేదట. బైబిల్లో అది రాయలేదన్నాడు. ఆ జవాబు నాకు తెలిసిందే. వెళ్ళబోతుంటే ఆపాడు. పాతకాలం యూదుల పెద్దలు ఒక మాట చెప్పుకునేవారట. ఆవిడకి పెళ్ళిళ్ళయిన కూతుళ్ళు ఆ ఊళ్ళోనే ఉండిపోయారట. తల్లి కదా, మనసాగలేదట. కూతుళ్ళు వెనకాల వస్తున్నారేమో చూద్దామని తిరిగిందట.

చూశావా నాన్నమ్మా, అడిగినవాళ్ళున్నారు అనుకున్నాను. బస్సెక్కి నా కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు కదిలింది. నేను సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, వెనక అద్దంలోంచి రోడ్డుకేసి చూడసాగాను.

"ఏటే, ఎనక్కి సూస్తన్నావు? ఉప్పైపోతావు," అంది నా స్నేహితురాలు నవ్వుతూ. నా మొహం చూసి నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

రోడ్డు మలుపు తిరిగి ఆ రాయి కనబడకుండా పోయేదాకా చూశాను. పాపం ఆవిడ తిరిగి చూసింది, వెనకాల ఎవరూ రావడం లేదు. నేను తిరగలేదు. నా వెనకాల మా నాన్నమ్మ వస్తూనే ఉంది.